ఔటర్ రింగ్ రోడ్డు సోలార్ సైకిల్ ట్రాక్

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద సాగేలా కట్టిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చేపట్టిన ఈ దారిని 2023 అక్టోబరు 1న అప్పటి మంత్రి కె.తారక రామారావు ప్రారంభించారు. ప్రారంభించినప్పుడు నార్సింగి–కొల్లూరు భాగం 14.5, నానక్‌రామ్‌గూడ–పోలీస్ అకాడమీ భాగం 8.5 కిలోమీటర్లు. వెడల్పు 4.5 మీటర్లు, పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో దేజాన్–సేజాంగ్ మధ్య హైవే నడుమ ఇలాంటి కప్పుదారి ముందే ఉంది.

ఎండకు, వానకు ఈ కప్పు మేలైన ఏర్పాటు. అయితే 2023లో తెరిచిన దారి అకాడమీ దగ్గరే ఆగింది. అక్కడి నుంచి శంషాబాద్, విమానాశ్రయం వైపు వెళ్లే సైకిలిస్టు వాహనాల మధ్యకే రావాలి.

అసలు ప్రమాదం కూడళ్లలోనే. నేరుగా వెళ్లే సైకిల్‌కు ఎడమకు తిరిగే లారీ అడ్డుపడుతుంది. డ్రైవరుకు పక్కనున్న సైకిల్ కనిపించదు. అందుకే రోడ్డుపై సైకిల్ దారికి వేసే రంగును కూడలి మధ్యలోనూ కొనసాగించాలి. సైకిళ్లు ఆగే గీత వాహనాల గీతకంటే ముందుండాలి. మలుపు మూల ఇరుకైతే లారీ వేగం తగ్గుతుంది. సైకిళ్లకు పచ్చదీపం కొన్ని క్షణాలు ముందే వెలిగించడం నెదర్లాండ్స్‌లో ఉన్న పద్ధతి. రంగు వెలిసిన చోట వెంటనే మళ్లీ వేయాలి, ముఖ్యంగా వానాకాలం ముగిశాక.