చెవి మిషన్‌లోకి స్విచ్చు వచ్చిన దారి

రావల్కోల్ నుంచి మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ రోడ్డు పట్టుకుని సికింద్రాబాద్ వైపు వస్తే, బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్. వినికిడి లోపం ఉన్నవారికోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం అక్కడే ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు చెవి వెనక పెట్టుకునే చిన్న వినికిడి మిషన్‌లో చెవికి అందనంత వేగంగా ఒక స్విచ్చు పడుతూ లేస్తూ ఉంటుందని చాలామందికి తెలియదు. స్విచ్చింగ్ ఆంప్లిఫయర్ అంటే మనకు డీజే బాక్సులే గుర్తొస్తాయి. కానీ స్విచ్చుకు చిన్న సిగ్నల్‌తో ఉన్న చుట్టరికం అంతకన్నా పాతది.

వాల్వుల కాలంలో ఆంప్లిఫయర్లకు ఒక జబ్బు ఉండేది. లోపలికి ఏమీ ఇవ్వకపోయినా బయటి వోల్టేజి మెల్లగా జరిగిపోయేది. అనలాగ్ కంప్యూటర్ల లెక్కలు దానితో తప్పేవి. 1949లో అమెరికాలోని ఆర్‌సీఏలో ఎడ్విన్ గోల్డ్‌బర్గ్ దీనికి చాపర్ పద్ధతి వాడాడు: అదిరే లోహపు కాంటాక్టుతో సిగ్నల్‌ను ముక్కలుగా కోసి, ఆ ముక్కలను పెంచి, అదే తాళంలో మళ్లీ కలపడం. ఎలక్ట్రానిక్స్ స్వయంగా చేసే గొణుగుడు తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. సిగ్నల్‌ను పైకి ఎత్తి అక్కడ పెంచితే ఆ గొడవ తగలదు. ఎంత అందమైన ఉపాయం! అయితే మనకు వినిపించే శబ్దాలు 20,000 హెర్ట్జ్ దాకా వెళతాయి. స్విచ్చు వాటికంటే ఎన్నో రెట్లు వేగంగా పడాలి. అదిరే లోహం వల్ల అది కాదు.

పెద్ద శబ్దం వైపు డి-క్లాస్, అంటే స్విచ్చింగ్ ఆంప్లిఫయర్, ఆలోచనను 1950లలో ఇంగ్లండ్‌లో అలెక్ రీవ్స్ మొదలుపెట్టాడంటారు. 1964లో సింక్లెయిర్ ఎక్స్-10 అనే డి-క్లాస్ ఆంప్లిఫయర్ కిట్టు అమ్మకానికి వచ్చింది. అప్పటి ట్రాన్సిస్టర్లు నెమ్మది కాబట్టి, చెప్పిన 10 వాట్లు రాలేదు. తర్వాత మాస్‌ఫెట్లు అనే వేగమైన ట్రాన్సిస్టర్లు వచ్చాకే కథ గాడిన పడింది.

చెవి మిషన్‌కు కావలసింది వాట్లు కాదు, బ్యాటరీ ఆయుష్షు. బటన్ సెల్ ఇచ్చేది 1.4 వోల్టులు. పాత ఎ-క్లాస్ సర్క్యూట్ నిశ్శబ్దంలోనూ కరెంటు తాగుతూనే ఉంటుంది. స్విచ్చు పూర్తిగా ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఉంటుంది కాబట్టి వేడిగా పోయేది చాలా తక్కువ. 1980లలో ఈ స్విచ్చు సర్క్యూట్‌ను చెవిలో శబ్దం చేసే రిసీవర్ డబ్బీలోనే అమర్చారు. దాని తీగచుట్టే ఫిల్టర్‌గా పనిచేసి స్విచ్చు మోతను మింగేస్తుంది. విడిగా భాగాలు అక్కర్లేదు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇదే.

మైకు చివరా స్విచ్చు చేరింది. 1962లో జపాన్‌లో ఇనోసే, యసుదా, మురకామీ డెల్టా-సిగ్మా పద్ధతి చూపించారు. ఫోన్లలోని ఎన్నో చిన్న మైకులు మాటను ఆ పద్ధతిలోనే ఒకటీ సున్నాల ప్రవాహంగా పంపుతాయి.

అలాగని స్పీకర్లకోసం చేసిన డి-క్లాస్ చిప్‌ను తెచ్చి మైకుకో, గ్రామఫోన్ పిన్నుకో మొదటి మెట్టుగా పెడితే మాత్రం నేను ఒప్పుకోను. వాటి నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. ఒక ట్రాన్సిస్టర్ ఆగి మరొకటి అందుకునే సందులో జరిగే చిన్న తప్పు కూడా అంత సన్న సిగ్నల్ ముందు కొండంత అవుతుంది. అక్కడ ఆదా చేయడానికి కరెంటే లేదు. చెవి మిషన్‌లో కూడా మైకు గుళిక పక్కనే మొదట నిలబడేది స్విచ్చు లేని మామూలు ఫెట్ ట్రాన్సిస్టరే.