సర్హద్ దాటే ట్రామ్ బండి

సర్హద్ అనే మాట మన ఇళ్ళల్లో ఊరికే రాదు. 1948 తర్వాత హైదరాబాద్ నుంచి కరాచీ వెళ్ళిపోయినవాళ్ళు ఎన్నో ఖాందాన్లలో ఉన్నారు. అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ. జనాజాకు రావాలన్నా వీసా కావాలి. అందుకే ఈసారి మీకు ఒక నది కథ చెప్పాలనిపించింది.

ఆ నది పేరు రైన్. పడమటి ఒడ్డున ఫ్రాన్స్ నగరం స్ట్రాస్‌బర్గ్. తూర్పు ఒడ్డున జర్మనీకి చెందిన చిన్న ఊరు కేల్. నడుమ ఉన్నది నీళ్ళే, కానీ వాటి కోసం పారిన ఖూన్ తక్కువేం కాదు. స్ట్రాస్‌బర్గ్ 1871లో జర్మనీ చేతికి వెళ్ళింది. 1918లో ఫ్రాన్స్‌కు తిరిగొచ్చింది. 1940లో హిట్లర్ లాక్కున్నాడు. 1944 నవంబరులో మళ్ళీ ఫ్రాన్స్‌ది అయింది. అంటే 73 ఏళ్ళలో నాలుగుసార్లు హుకూమత్ మారింది. ఇల్లు కదలకుండానే మనిషి ముల్క్ మారిపోయేది!

1942 నుంచి ఆ ఇలాకా నౌజవానులను లక్షమంది దాకా జర్మన్ ఫౌజులో జబర్దస్తీగా చేర్చారు. జంగ్ చివర్లో కష్టం అవతలి ఒడ్డుకు మారింది. కేల్ జనం ఇళ్ళు వదిలి పోయారు, ఊరు ఫ్రాన్స్ కబ్జాలోకి వెళ్ళింది. అది పూర్తిగా తిరిగి జర్మనీ చేతికి వచ్చింది 1953లోనే.

స్ట్రాస్‌బర్గ్ నడిబొడ్డున 1936లో కట్టిన ఒక యాద్గార్ ఉంది. ఒక తల్లి, ఆమె ఒడిలో ప్రాణాలు విడుస్తున్న ఇద్దరు కొడుకులు. వాళ్ళ ఒంటి మీద ఏ ఫౌజు వర్దీ లేదు. ఎవరు ఎవరి తరఫున చచ్చాడో ఆ తల్లికి ఏం ఫరక్?

1963లో ద గాల్, అడెనావర్ దోస్తీ ఒప్పందం మీద దస్తఖత్ చేశారు. అంతటితో అన్నీ సర్దుకున్నాయని పుస్తకాలు అంటాయి. అసలు మెహనత్ ఆ తర్వాతే మొదలైంది. ఎందుకంటే ఒక మునిసిపాలిటీ పరాయి దేశపు మునిసిపాలిటీతో సొంతంగా ఒప్పందం రాసుకోవడం అంత తేలిక కాదు. రాజధాని ఇజాజత్ కావాలి. 1996లో కార్ల్స్‌రూ ఒప్పందం ఆ దారి తెరిచింది. 2005లో స్ట్రాస్‌బర్గ్, దాని ఎదుటి ఒర్తెనావ్ జిల్లా కలిసి యూరోడిస్ట్రిక్ట్ పెట్టుకున్నాయి. రెండు వైపులా జనం ఎన్నుకున్న నుమాయిందాలు ఒకే బల్ల దగ్గర కూర్చుని పనులు మాట్లాడుకుంటారు.

ఆ పనులు చూడండి, ఎంత మామూలువో! 2004లో నది మీద కాలినడక వంతెన. 2014లో రెండు దేశాల పసిపిల్లలకు, రెండు భాషల్లో, ఒకే శిశు సంరక్షణ కేంద్రం. 2017 ఏప్రిల్‌లో స్ట్రాస్‌బర్గ్ ట్రామ్ రైన్ దాటి కేల్ చేరింది. ఒకప్పుడు ఫౌజులు దాటిన చోట ఇప్పుడు సౌదా సంచులతో అమ్మలు, నౌకరీకి వెళ్ళేవాళ్ళు కూర్చుని ఉంటారు.

అయితే ఇది పక్కా గోడ అనుకోకండి. 2020 మార్చిలో కరోనా వచ్చింది. జర్మనీ సర్హద్ మీద తనిఖీలు పెట్టింది. ట్రామ్ వంతెన దాటడం మానేసింది. అదే రోజుల్లో జర్మన్ దవాఖానాలు అవతలి ఒడ్డు నుంచి మరీజులను తీసుకెళ్ళి చికిత్స చేశాయి. తాళంచెవి ఇంకా రాజధానుల దగ్గరే ఉందని జనానికి అప్పుడు తెలిసొచ్చింది. తనిఖీలు జూన్ దాకా నడిచాయి. ఆ తర్వాత ట్రామ్ మళ్ళీ కదిలింది.

మన సర్హద్‌లు రేపే ఇలా అవుతాయని నేను అనను. మన జఖ్మ్ వేరు, తారీఖ్ వేరు. కానీ 1944లో కేల్ వదిలిపోయిన మనిషితో, నీ మునిమనవడు అవతలి పిల్లలతో కలిసి ఆడుకుంటాడని చెప్పి ఉంటే నమ్మేవాడా? పెద్దవాళ్ళ దస్తఖత్ ఒక రోజు పని. దాన్ని ట్రామ్ దాకా తీసుకురావడానికి రెండు ఊళ్ళు 54 ఏళ్ళు సబ్ర్‌తో పనిచేశాయి. కరాచీ చుట్టాల మాట వచ్చినప్పుడు పిల్లలకు ఈ కథ కూడా చెప్పండి.