ఓరుగంటి తోరణహంసలు

కాకతీయుల రాజధానియగు నోరుగల్లునకు నేఁడు గుఱుతుగా నెల్లరును జెప్పునది కోటగోడ గాదు, రాజసౌధమును గాదు; తోరణము. దాని యడ్డదూలముపై నిరుకొనల నిలిచిన ఱాతిహంసలు చూచినంతనే దానిని బోల్చుకొనునట్లు చేయుచున్నవి. రాజులు తమ ముద్రగా గ్రహింపని యీ పక్షి నగరమునకుఁ జిహ్నమెట్లయ్యెనో విచారింపఁదగియున్నది.

కాకతీయుల రాజలాంఛనము వరాహము. వారి నాణెములయందు నదియే కానవచ్చును. 1323వ సంవత్సరమున నులుగ్‌ఖాను ప్రతాపరుద్రుని జయించి కోటను గైకొనఁగా, రాజ్యముతోడనే యా ముద్రయు నంతరించినది. నేఁడు పండితులు దక్క దాని నెఱిఁగినవా రరుదు.

తోరణములు నాలుగు. కోట నడుమనున్న స్వయంభూశివాలయ ప్రాంగణమునకు నాలుగు దిక్కులను నివి నిలిచియున్నవి. తూర్పు పడమటి తోరణముల నడిమి దూరము సుమారు 433 అడుగులు. ఉత్తరదక్షిణ తోరణముల నడిమి దూరము సుమారు 480 అడుగులు. ఎత్తు దాదాపు 30 అడుగులు. వీనికిఁ గీర్తితోరణములను పేరు వాడుకలోనుండుటచే నివి విజయసూచకములని తలఁచువారు గలరు. కాని వీని స్థానమును బరిశీలించినచో నివి దేవాలయప్రాంగణపు టెల్లలను దెలుపునవియని స్పష్టమగును. కోటవాకిళ్లు వేఱు, ఇవి వేఱు.

ఆలయము నాశనమయ్యెను, తోరణములు మిగిలినవి. వీనియందు దేవతామూర్తులు లేకుండుటయే యిందులకుఁ గారణమని కొందఱందురు. పద్మముకుళములు, పూదండలు, మృగములు, పక్షులు మాత్రమే చెక్కఁబడియుండుట నిజమే. అయినను హంస బ్రహ్మకు వాహనము. నలదమయంతుల కథలో దూత. పాలను నీళ్లను వేఱుపఱుచు వివేకమునకుఁ గవులు చెప్పు నుపమానము. ఆ పక్షుల తోఁకలు తీవలై లతలతోఁ గలసిపోవుచున్నవి. ఇట్టి పక్షి యే చెఱువునందును గానరాదు. కావున నిది కేవలాలంకారమనియు, మతముతో సంబంధము లేనిదనియుఁ జెప్పుట సంపూర్ణసమాధానము కానేరదు. చూచువారు దానినొక యందమైన పక్షిగా మాత్రమే చూచియుందురనుట యూహ. శిల్పి యట్లు తలఁచెననుటకు మాత్ర మవకాశము లేదు.

ఇట్లు గుడికిఁ జెందిన తోరణము గుడి పోయిన పిదప నగరమునకుఁ జెందినది. నగరమునుండి దేశమునకుఁ జెందినది. 2014వ సంవత్సరమునఁ దెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు 1591 నాఁటి చార్మినారుతోపాటు కాకతీయతోరణము రాజచిహ్నమునఁ జేరినది. 2016లో జిల్లాలు పునర్విభక్తములుకాఁగా, వరంగల్లు జిల్లాలోని చేర్యాల సిద్దిపేట జిల్లాలోఁ జేరినది. ఎల్లలు మాఱినను దోరణ ముభయజిల్లాలకును సమానచిహ్నమే. 2024లో రాజచిహ్నమునుండి తోరణమును, జార్మినారును దొలఁగింపఁ బ్రయత్నము జరుగఁగా ఓరుగల్లునను హైదరాబాదునను నిరసనలు చెలరేఁగినవి. రాజు విధించిన వరాహమును బ్రజలు మఱచిరి. ఎవ్వరును విధింపని తోరణమును దమదిగా భావించిరి.

అట్లు భావించువారికొక బాధ్యత కలదు. తోరణము దానంతట నది వెలసినది కాదు. లోపలి దేవాలయమునకుఁ ద్రోవ చూపుటకై వెలసినది. నాలుగు తోరణముల నడుమ నేఁడు శిథిలస్తంభములును, విఱిగిన దూలములును బడియున్నవి. ముద్రలోని తోరణమును గౌరవించి యీ ఱాళ్లను విస్మరించుట ద్వారమును బూజించి యిల్లు మఱచుటయే. కథనుండి చరిత్రను వేఱుపఱుచువారికి నా హంసలే యాదర్శము.