ఇద్దరు ఉపాలులు

వినయ పిటకం తెలిసినవారికి ఉపాలి కథ కొత్తది కాదు. అనురుద్ధుడు, ఆనందుడు, భద్దియుడు మొదలైన శాక్య కుమారులు సంఘంలో చేరడానికి బయలుదేరితే, వారి క్షురకుడు ఉపాలి కూడా వెంట వెళ్లాడు. అప్పుడు ఆ కుమారులే భగవానుణ్ణి ఒక కోరిక కోరారు. మాకు శాక్యులమన్న గర్వం ఉంది, ముందు ఉపాలికి ప్రవ్రజ్య ఇవ్వండి, ఆయనకు మేం మొక్కవలసి వస్తే ఆ గర్వం దిగుతుంది అన్నారు. బుద్ధుడు అలాగే చేశాడు. నిన్నటిదాకా తమకు క్షవరం చేసినవాడికి వాళ్లు చేతులు జోడించారు. మహాపరినిర్వాణం తర్వాత రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయ నియమాలను అప్పజెప్పింది ఆ ఉపాలే. మన విహారాల్లో ఈ కథ చెప్పని ఉపన్యాసకుడు ఉండడు. నేనూ ఎన్నోసార్లు చెప్పాను.

రెండో ఉపాలి సంగతి మాత్రం మనం ఎత్తం.

18వ శతాబ్దం మధ్యకు సింహళంలో ఉపసంపద పరంపర తెగిపోయింది. కొత్త భిక్షువుకు ఉపసంపద ఇవ్వడానికి వినయం ప్రకారం కావలసినంతమంది భిక్షువులు దీవి మొత్తం వెదికినా లేరు. వెలివిట సరణంకరుడనే సామణేరుడు దీని కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టాడు. క్యాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడు సియాంకు దూతలను పంపాడు. 1753లో అయుత్థయ నుంచి భిక్షు బృందం వచ్చింది. దాని పెద్ద పేరు ఉపాలి థేరుడు. ఆయన చేతుల మీదుగా మొదలైనదే సియం నికాయం. సింహళంలో నేటికీ పెద్ద నికాయం అదే. ఆయన తిరిగి వెళ్లలేదు, 1756లో క్యాండీలోనే కన్నుమూశాడు.

ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే ఉపసంపద గోయిగమలకే అన్న కట్టడి వచ్చింది. గోయిగమలంటే సేద్యం, భూమి చేతిలో ఉన్న కులం. దాల్చినచెక్క ఒలిచే సలాగమలు, చేపలు పట్టే కరావలు, కల్లు గీసే దురావలు సామణేరులుగానే మిగలాలి. క్షురకుడు అప్పజెప్పిన వినయాన్ని పట్టుకుని, ఆ క్షురకుడి పేరే పెట్టుకున్న థేరుడి పరంపరలో, కులం చూసి తలుపు వేశారు. ఈ కట్టడి రాజాజ్ఞ అని సంప్రదాయం చెబుతుంది. ఆ రాజు మధుర వైపు నుంచి వచ్చిన నాయక్కర్ వంశీయుడు. ఆ వంశానిది తెలుగు మూలం. ఇదంతా ఎక్కడో సముద్రం అవతల జరిగిన ముచ్చట, మనకేం సంబంధం అనుకోవడానికి కూడా వీల్లేదు.

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కులాన్ని వదిలించుకోవడానికే కదా ఈ ధమ్మంలోకి వచ్చాం! మా విహారంలో ఒక పెద్దాయనతో చెబితే ఆయన కసురుకున్నాడు: "కొత్త ఇంట్లోకి ఇప్పుడిప్పుడే దిగినవాళ్లకు కప్పు కారుతోందని చెబుతావా బాబూ? వాళ్లు మళ్లీ పాత ఇంటికే పోతే?" ఆయన భయం ఉత్తది కాదు. ఇలాంటివి చదివి విహారానికి రావడం మానేసిన మిత్రుడొకడు నాకున్నాడు. అయినా పెద్దాయన మాట నాకు మింగుడు పడలేదు. కప్పు కారుతున్న సంగతి మనం దాచినా ఎదుటివాళ్లు దాచరు. "మీ బౌద్ధంలో మాత్రం కులం లేదా?" అని మన పిల్లవాణ్ణి కాలేజీలో ఎవడో ఒకడు నిలదీస్తాడు. ఆ రోజు వాడికి రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి ఆ నిజం, రెండోది మనం చెప్పలేదన్న సంగతి.

పైగా దాచేవారికి సగం కథే తెలుస్తుంది. మిగతా సగం సలాగమలది. వాళ్లు మూసిన తలుపు ముందు కూర్చుని ఏడవలేదు. ఇక్కడ జరుగుతున్నది బుద్ధుని వినయం కాదని వాళ్లకు తెలుసు. అంబగహపిటియే జ్ఞానవిమలుడు కొందరు సామణేరులను వెంటబెట్టుకుని బర్మాకు ఓడెక్కాడు. 1800లో అప్పటి రాజధాని అమరపురంలో ఉపసంపద పొంది 1803లో తిరిగి వచ్చాడు. అదే ఏడు బలపిటియ దగ్గర మాదు గంగ నీటి మీద ఉపసంపద జరిపించారు. నీటి మీద సీమ ఏర్పరచుకోవడానికి వినయంలోనే అనుమతి ఉంది. అలా మొదలైన అమరపుర నికాయం కూడా తర్వాత కులాల వారీగా చీలింది. అదీ చెప్పాల్సిందే. కుల భేదం వద్దంటూ రామఞ్ఞ నికాయం 1864లో వచ్చింది. సియం నికాయపు పెద్ద శాఖలైన మల్వత్త, అస్గిరియల్లో ఆ పాత కట్టడి ఈనాటికీ పోలేదు.

బాబాసాహెబ్ అయితే ఇలాంటివి దాచమనేవారా? 1950లో ఆయన సింహళం వెళ్లింది బౌద్ధం ఆచరణలో ఎలా ఉందో కళ్లారా చూడడానికి. 1957లో, ఆయన పోయాక వెలువడిన 'బుద్ధుడు ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన పీఠికలో సంప్రదాయం మింగలేని ప్రశ్నలు ఆయనే వేశారు. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కథ నమ్మదగ్గదేనా అన్నారు. ఆత్మ లేదన్నప్పుడు కర్మ, పునర్జన్మ ఎలా పొసగుతాయన్నారు. భిక్షువు తన పరిపూర్ణత చూసుకునేవాడా, జనానికి సేవ చేసేవాడా అని అడిగారు. లక్షలమందిని ధమ్మంలోకి తీసుకువెళ్తున్న మనిషి, ఆ ధమ్మం గురించి అంత కటువుగా అడగడానికి వెనకాడలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయనకు త్రిశరణ పంచశీలాలిచ్చిన చంద్రమణి మహాథేరుడు బర్మా నుంచి వచ్చి కుశినగర్‌లో స్థిరపడినవారు. సలాగమలు తలుపు తట్టిన దేశమూ అదే.

మొన్నటి వర్షావాసంలో ఒక ఆదివారం పిల్లలకు ఇద్దరు ఉపాలుల కథా కలిపి చెప్పాను. పెద్దాయన వెనక వరుసలో కూర్చుని విన్నాడు, ఏమీ అనలేదు. అంతా అయ్యాక ఎనిమిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మొదటి ఉపాలి క్యాండీకి వెళ్లి ఉంటే ఆయనకు ఉపసంపద ఇచ్చేవాళ్లా?"

రెండో ఉపాలి బతికున్నప్పుడైతే ఇచ్చేవారేమో అన్నాను. ఆ తర్వాతైతే ఇచ్చేవారు కాదు.

"మరైతే ఆయన కూడా ఓడెక్కాల్సిందే" అంది.