ఒక చారు, మూడు వంటకాలు



పెళ్ళి ముహూర్తం పెట్టుకోగానే మన ఇళ్ళలో మొదట చేసే పనుల్లో ఒకటి వంటాయనకు కబురు పెట్టడం. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని ఎన్ని విస్తళ్ళు లేస్తాయి, మగపెళ్ళివారిలో చప్పిడి తినేవాళ్ళెవరైనా వున్నారా, ఎండల్లో పెరుగు నిలుస్తుందా అని నాలుగు మాటలడిగి సరుకుల చీటీ రాయిస్తాడు. విస్తట్లో ఏం పడుతుందన్నది ఆ చీటీ నాడే తేలిపోతుంది. జపాను దేశంలో పెళ్ళికి కాదు, నలుగురైదుగురు అతిథులకే ఇంత ఆలోచన చేసే భోజనశాలలున్నాయి. వాటిని ర్యోతెయ్ అంటారు. అక్కడ పెట్టే భోజనం పేరు కైసెకి. పేరున్న చోట మనిషికి 20,000, 30,000 యెన్లు, అంటే మన రూపాయల్లో పదివేల పైమాటే. ఇంకా ఎక్కువ తీసుకునేవాళ్ళూ వున్నారు.

తమాషా ఏమిటంటే, ఇంత ఖరీదైన ఈ భోజనం పుట్టింది బీదతనాన్ని కోరి తెచ్చుకున్నవాళ్ళ ఇంట్లో!

అంతకు ముందు అక్కడి ప్రభువుల విందులు వేరు. హొంజెన్ అని, ఒక్కొక్క అతిథి ముందు పొట్టికాళ్ళ పీటలు వరసగా పెట్టేవారు. గొప్పవాడైతే ఏడు పీటలు దాకా. వాటి నిండా వంటకాలే. సగం చూడటానికి, సగం తినడానికి. అన్నీ ఒక్కసారే తెచ్చి పెడితే వేడి ఎక్కడ నిలుస్తుంది చెప్పండి? అతిథి పరువు, ఇంటాయన పరువు ఆ పీటల లెక్కలో వుండేది. 1582లో నొబునాగ అనే ప్రభువు అజుచి కోటలో ఇఎయాసుకు విందు చేశాడు. ఏర్పాట్లు చూడమని మిత్సుహిదె అనే సేనానికి అప్పగించాడు. ఆ విందులో ఏమేమి వడ్డించారో పట్టీ ఇప్పటికీ వుంది. నెల తిరక్కుండా అదే మిత్సుహిదె ప్రభువు మీద తిరగబడ్డాడు. క్యోతోలో హొన్నోజి గుడిలో బస చేసి వున్న నొబునాగ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. విందులో చేపలు కంపు కొట్టాయని నొబునాగ అందరిలో చీవాట్లు పెట్టాడనీ, ఆ కోపమే ఇంత చేసిందనీ తరువాతివాళ్ళు కథ అల్లారు. అది కట్టుకథే అనుకున్నా, వంట చెడిపోతే తల పోతుందని జనం తేలిగ్గా నమ్మగలిగిన రోజులవి.

ఇక రెండో పాయ బౌద్ధ మఠాలది. దోగెన్ అనే సన్యాసి 1223లో చైనాకు వెళ్ళాడు. అక్కడ మండుటెండలో పుట్టగొడుగులు ఆరబెడుతున్న ఒక ముసలి వంటస్వామిని చూసి, ఈ పని ఎవరిచేతైనా చేయించకూడదా అని అడిగాడట. ఇంకొకరు చేస్తే అది నేను చేసినట్లవుతుందా అన్న అర్థంలో ఆయన బదులిచ్చాడు. ఆ మాట దోగెన్ మనసులో నాటుకుంది. 1237లో మఠం వంటవాడి కోసమే ఒక పుస్తకం రాశాడు. బియ్యం ఎలా కడగాలి, ఇసుక ఎలా ఏరాలి, మిగిలినదాన్ని ఎలా చూసుకోవాలి, అన్నీ అందులో వున్నాయి. వంటింటి పని తపస్సుతో సమానమని అన్ని శతాబ్దాల క్రితం ఒక పెద్దమనిషి రాసిపెట్టాడంటే మనకు సంతోషంగా వుండదూ! కాకపోతే ఆయన రాసింది మగ సన్యాసుల కోసం. ఇళ్ళలో పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళ పని గురించి ఎవరూ అలా రాయలేదు.

ఆ సన్యాసులు రాత్రి ఆకలికి ఆగలేక రాయి వేడిచేసి గుడ్డలో చుట్టి పొట్ట దగ్గర పెట్టుకునేవారట. కైసెకి అన్న మాటను ఇప్పుడు రాసే ఒక తీరులో ‘రొమ్మున దాచిన రాయి’ అన్న అర్థం వస్తుంది. మొదట్లో ‘నలుగురు కూడిన పంక్తి’ అన్న అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. రాతి అక్షరాలు వంద యేళ్ళ తరువాత వచ్చాయి. పేరు వెనక కథ తరువాత తగిలించినదే అయినా అతుకు మాత్రం బాగా కుదిరింది.

ఈ రెండు పాయల్లో రెండోదాన్ని పట్టుకున్నవాడు సెన్ నొ రిక్యూ. సకాయ్ రేవులో వర్తకుల ఇంట 1522లో పుట్టాడు. తేనీటి సత్కారాన్ని ఒక సాధనగా తీర్చిదిద్దాడు. అక్కడి చిక్కటి తేనీరు ఖాళీ కడుపున తాగితే పడదు. అందుకని ముందు కొంచెం భోజనం. అన్నం, ఒక చారు, రెండో మూడో వంటకాలు, ఊరగాయ. అంతే! వంటకాలు ఒక్కసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి, వేడివేడిగా. ఇంటాయనే స్వయంగా పళ్ళెం మోసుకొచ్చి పెట్టాలి. అతిథి ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, గిన్నెను కాగితంతో తుడిచి పెట్టాలి. ఆయన కట్టిన ఒక తేనీటి గది రెండు చాపలంత. అంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అందులో ఏడు పీటలు పెట్టమంటే ఎక్కడ పెడతారు?

రిక్యూ కొలువు చేసిన హిదెయోషి మాత్రం బంగారు రేకులు తాపిన తేనీటి గది కట్టించుకున్నాడు. 1587లో కితానోలో బ్రహ్మాండమైన తేనీటి సభ చేసి బీదాబిక్కీ అందరూ రావచ్చునన్నాడు. బంగారు గది, రెండు చాపల గది ఎన్నాళ్ళు పొసగుతాయి? 1591లో ప్రాణం తీసుకోమని రిక్యూకు ఆజ్ఞ వచ్చింది. ఒక గుడి ద్వారం మీద ఆయన బొమ్మ పెట్టడం నేరమైందన్నారు. అసలు కారణం మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే వున్నారు. డెబ్బయ్యో పడిలో పడుతున్న ఆ మనిషి ఆజ్ఞ ప్రకారం వెళ్ళిపోయాడు. ఆయన పెట్టిన భోజనం మాత్రం నిలిచింది.

మరి ఇది ఖరీదైన సరుకు ఎప్పుడయింది? యుద్ధాలు ఆగి ఎదో పట్నంలో, అదే ఇప్పటి టోక్యోలో, వర్తకుల చేతుల్లో డబ్బు ఆడాక. అక్కడ యావొజెన్ అనే భోజనశాల వుండేది. ఎవరో వచ్చి అన్నంలో తేనీరు పోసి ఊరగాయతో పెట్టమన్నారట. పూటంతా కూర్చోబెట్టి, ఒకటిన్నర ర్యో అడిగారట. ర్యో అంటే బంగారు నాణెం. ధరలు నిలకడగా వున్న రోజుల్లో ఒక ర్యోకి మనిషికి ఏడాది బియ్యం వచ్చేదని లెక్క. అదేమిటయ్యా అంటే, తేనీటికి మంచి నీళ్ళ కోసం తామా నది దాకా మనిషిని పరుగెత్తించాం, ఊరగాయ కాలం కాని కాలంలో సంపాదించాం అన్నారట. వినగానే నాకు ఒళ్ళు మండింది. చల్దన్నానికి ఏడాది గ్రాసమా! కానీ ఆ కథను అక్కడివాళ్ళు మెచ్చుకోలుగానే చెప్పుకుంటారు. నీళ్ళ కోసం అంత దూరం వెళ్ళడం గొప్పే. వెళ్ళినవాడికి ఎంత ముట్టిందో మాత్రం కథలో లేదు.

1930లో యుకి తెయిచి అనే ఆయన ఒసాకాలో కిచ్చో అనే భోజనశాల తెరిచి, తేనీటి సత్కారంలోని పొందికను డబ్బిచ్చి తినే భోజనంలోకి మళ్ళీ తెచ్చాడు. ఇవాళ మనం కైసెకి అంటున్నది చాలావరకు ఇలా కలిసినదే.

దాని చీటీ ఎలా వేస్తారో చెబుతాను. మొదట చూసేది ఋతువు. ఏ వస్తువుకైనా మూడు వయసులు: తొలిరాక, నిండుకాలం, వీడ్కోలు. మన మామిడికి లేవూ, అలాగే! వసంతంలో వెదురు మొలకలు, శరత్తులో మత్సుతాకె పుట్టగొడుగులు. జూలైలో క్యోతోలో గియొన్ ఉత్సవం నాడు హామొ చేప వుండాల్సిందే. దాని వొంటి నిండా సన్నముళ్ళు. తోలు తెగకుండా, అంగుళం మేరలో ఇరవైకి పైగా గాట్లు పెట్టి ముళ్ళను నలగ్గొడతారు. ఎనిమిది సున్‌ల, అంటే 24 సెంటీమీటర్ల, దేవదారు పలక మీద ఆ ఋతువు రుచులు చిన్నచిన్నవి సర్దుతారు. పలక కొలతే ఆ వంతుకు పేరయింది: హస్సున్. ఆ పైన పచ్చిచేప, మూత గిన్నెలో చారు, కాల్చినది, ఉడికించినది. చివరికి అన్నం, ఊరగాయ, ఒక పండు ముక్క. అన్నం చివర్న రావడం మనవాళ్ళకు బొత్తిగా నచ్చదు.

వంటవాళ్ళు చాలావరకు మగవాళ్ళే. ఆడవాళ్ళ చేతులు వెచ్చగా వుంటాయి, చేప పాడవుతుందని సుషీ చేసేవాళ్ళు చాలాకాలం ఒక సాకు చెప్పారు. ఇంట్లో మూడు పూటలా చేప కోసేవాళ్ళ చేతులు ఎప్పుడు చల్లబడ్డాయో! ర్యోతెయ్‌ని నడిపేది మాత్రం ఒకామి, అంటే ఇంటి యజమానురాలు. ఏ అతిథి కిందటిసారి ఏం తిన్నారు, ఏ గిన్నెలో పెట్టాం అని రాసిపెట్టుకుంటారు. మళ్ళీ వస్తే అదే గిన్నె, అదే వంట రాకూడదు. గోడకు వేలాడే పటం, కూజాలో పువ్వు కూడా చీటీలో భాగమే. మిషెలిన్ చుక్కలు వచ్చినప్పుడు పేపర్లో పడేది వంటాయన బొమ్మ.

ఈ నమ్మకం ఎంత పల్చటిదో 2008లో తేలింది. కిచ్చో పేరు పెట్టుకున్న వాటిల్లో ఒసాకాలోని సెన్బా కిచ్చో ఒకటి. ఒకరు తినకుండా వదిలిన వంటకాలను మరొకరికి వడ్డించారని బయటపడింది. ఎంగిలి అన్న మాటకు మనకున్నంత బరువు అక్కడ లేకపోవచ్చు గానీ, జనం క్షమించలేదు. ఆ మే నెలలోనే అది మూతబడింది. మిగల్చడమే తప్పని రిక్యూ పెట్టిన నియమం వడ్డించేవాళ్ళను కూడా కాపాడేదని అప్పుడనిపించింది.

మన పిల్లలు టోక్యోలో ఉద్యోగాలు చేస్తున్నారు, మనమూ వెళ్ళి వస్తున్నాం. ఎవరైనా ఇలాంటి చోటికి వెళ్ళాలనుకుంటే రోజుల ముందే మాట తీసుకోవాలి. పాత ఇళ్ళు కొన్ని పరిచయం లేనివారిని రానివ్వవు. బస చేసిన హోటలువారి చేత అడిగించడం మంచిది. చెప్పి మానేస్తే మొత్తం డబ్బు కట్టమంటారు. అది అన్యాయం కాదు. ఆ పూటకని కొన్న సరుకు అది. శాకాహారులైతే మాట తీసుకునేటప్పుడే చెప్పండి, పీట మీద కూర్చున్నాక కాదు. అక్కడి చారుకు మూలం దాషి. సముద్రపు నాచు కొంబుతో పాటు ఎండబెట్టి పొగపట్టిన చేపను గీరి వేస్తారు. కంటికి కనిపించదు, కూరల్లోనూ వుంటుంది. కొంబు, ఎండు పుట్టగొడుగులతోనే దాషి కాచే షోజిన్ వంట అని మఠాల తరహా వుంది. అది పెట్టేచోటు వెతుక్కోవడం ఇంకా సుఖం.

సెంటు పూసుకోవద్దు. మల్లెచెండు కూడా ఆ పూటకు వద్దనే నా సలహా. చారు మూత తీసినప్పుడు వచ్చే వాసనే సగం భోజనం. లక్క గిన్నెలకు గీతలు పడతాయి గనుక ఉంగరాలు తీసి దాచుకోండి. విడిగా చేతిలో డబ్బు పెట్టే అలవాటు అక్కడ లేదు. వచ్చేటప్పుడు ఒకామి వీధి వాకిలి దాకా వచ్చి, మీరు మలుపు తిరిగేదాకా వంగి నిలబడి వుంటుంది. అందుకని మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి మీరూ నమస్కారం పెట్టాలి.