బురద చెప్పు వానల చరిత్ర

అంగదేశమున వానలు కురియకుండుటకు రోమపాదుని అపచారమే కారణమని రామాయణము చెప్పుచున్నది. రాజు తప్పునకు ఆకాశము శిక్షించునను ఆ నమ్మకము మన పల్లెలలో నేటికిని పూర్తిగా నశింపలేదు. మా రెడ్డిగూడెపు ప్రాంతమున మామిడిపూత మాడినను, చెఱువు ఎండినను, 'ఎవరి పాపమో' యను మాట వినవచ్చుచునే యున్నది. నిజమేమో విచారింతమన్నచో శాసనములు చాలవు. అవి దానములను, విజయములను చెప్పును గాని వానల సంగతి చెప్పుట అరుదు. ఆ లోటును తీర్చు గ్రంథము చిత్తడినేలలలో దాగియున్నది.

నీరు నిలుచు పల్లములలో గడ్డియు నాచును చచ్చినపుడు గాలి తగులమిచేత పూర్తిగా క్రుళ్ళవు. పొరపై పొరగా పేరుకొని నల్లని మట్టి యగును. దీనిని పీటు అందురు. ఇది ఏటికి సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును గనుక నిలువెత్తు లోతున వేల యేండ్ల నాటి తృణము లభించును.

దక్షిణదేశమున ఇట్టి నేలలు నీలగిరులపై గలవు. ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్ మొదలగు శాస్త్రజ్ఞులు వానిని పరిశోధించి 1993లో 'నేచర్' పత్రికలో ఫలితములను ప్రకటించిరి. కర్బనములో తేలికది, బరువైనది అని భేదము గలదు. పొడినేలల నోర్చు గడ్డిజాతులలో బరువైన కర్బనము కొంచెము హెచ్చుగా నుండును. తేమను కోరు మొక్కలలో తక్కువ. పొరపొరకు ఈ పాళ్ళను లెక్కించిన నాటి వానలు తెలియును. హిమయుగము మిక్కిలి తీవ్రమైన కాలమున, అనగా సుమారు 20,000 ఏండ్ల క్రింద, ఆ కొండలు ఎండియుండెను. 6,000 నుండి 3,500 ఏండ్ల క్రిందటి వఱకు మరియొక శుష్కదశ నడచెను.

తెలుగు నేలకు సాక్ష్యము గోదావరి యిచ్చినది. ఆ నది కొట్టుకొనిపోయిన ఆకుల మైనము బంగాళాఖాతపు అడుగున ఒండ్రులో నిలిచియున్నది. 2012లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, సుమారు 4,000 ఏండ్ల క్రింద మొదలుకొని 1,700 ఏండ్ల క్రిందటి వఱకు గోదావరీ పరీవాహదేశము క్రమముగా ఎండుచు వచ్చెను. శాతవాహనులు వర్ధిల్లినది ఆ దశ చివరి శతాబ్దులలోనే. చెఱువు త్రవ్వించుటను పెద్దలు సప్తసంతానములలో చేర్చుట యెంత వివేకమో ఇందువలన గ్రహింపవచ్చును.

ఈ మార్పులకు ఏ రాజు పాపమును కారణము కాదు. కాని ఆ కాలమున అబద్ధమైన మాట మన కాలమున నిజమగుచున్నది. పీటునేలలు భూభాగమున నూటికి 3 పాళ్ళే యైనను, లోకములోని అడవుల చెట్లన్నిటిలో నున్న దానికంటె హెచ్చు కర్బనమును దాచియున్నవి. నీరు తీసివేసినచో ఆ నిధి బొగ్గుపులుసు వాయువై ఆకాశమున కెక్కి భూమిని వేడిచేయును. 1997లో ఇండొనీషియాలో ఎండగట్టిన పీటునేలలు నెలలకొలది కాలి పొరుగు దేశములను సైతము పొగతో కప్పినవి.

మనకు చేరువనున్న చిత్తడి కొల్లేరు. మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు చేరునది అందులోనే. అది నీలగిరుల వంటి పీటునేల కాదు. అయినను దాని బురదయు కాలమును పొరలుగా దాచునదే. 1999లో అభయారణ్యముగను, 2002లో రాంసార్ చిత్తడిగను గుర్తింపబడియు, చేపలచెఱువులకై దాని గర్భము త్రవ్వబడెను. 2006 నాటికి ప్రభుత్వము అనేక గట్లను తెగగొట్టించెను. గట్టు తెగగొట్టిన నీరు తిరిగి రావచ్చును గాని, పార తలక్రిందులు చేసిన పొరలు తిరిగి వరుసకు రావు.

వానకై వరుణజపము చేయించు గృహస్థులు తమ ఊరి పల్లమును పూడ్పకుండ కాపాడుట అంతకంటె ముఖ్యమని తలంతురు గాక. రోమపాదుని తప్పు కథయే కావచ్చును. మన తప్పును మాత్రము బురద వ్రాసికొనుచున్నది.