జిల్లేడు: మందూ అదే, విషమూ అదే

రోడ్డు పక్కన, ఖాళీ జాగాల్లో, పాత గోడల వెంట ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క జిల్లేడు. ఉర్దూలో దీన్ని ఆక్ అనీ, మదార్ అనీ అంటారు. ఇది మన నేల మొక్కే. ఆకు తుంచితే చాలు, తెల్లటి పాలు కారతాయి. పశువులు సాధారణంగా దీని జోలికి రావు.

ఎలా ఉంటుంది?

మనిషెత్తు దాటి కూడా పెరుగుతుంది. ఆకులు మందంగా, బూడిద చల్లినట్టు ఉంటాయి. పువ్వుకు ఐదు రేకులు, మధ్యలో కిరీటంలాంటి భాగం. ఎక్కువగా లేత ఊదా రంగులో పూస్తుంది. తెల్లగా పూసేదే తెల్ల జిల్లేడు. కాయ పగిలితే గింజలు పట్టులాంటి దూదితో గాల్లోకి లేస్తాయి. ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక ఈ ఆకుల మీద గుడ్లు పెడుతుంది.

వైద్యంలో వాడకం

మోకాళ్ల నొప్పులకు, వాపులకు ఆకు మీద ఆముదమో నువ్వుల నూనో రాసి, వెచ్చచేసి కట్టడం మన ఇళ్లలో దాదీ, నానీల కాలం నుంచి ఉన్నదే. ముల్లు దిగితే పైకి రావడానికి పాలు వేసేవారు. ఎండు పూలను దగ్గు, ఆయాసం మందుల్లో కలుపుతారు. యునానీలో పూలతో చేసే 'హబ్బె గుల్-ఎ-ఆక్' మాత్రలను కీళ్ల నొప్పులకు ఇస్తారు. బ్రిటిష్ కాలంలో వేరు బెరడును జిగట విరేచనాలకు, ఇపెకాక్ అనే విదేశీ మందుకు బదులుగా వాడారు.

పాలతో జాగ్రత్త

జిల్లేడులో గుండె మీద పనిచేసే విష పదార్థాలు ఉన్నాయి. హకీములు పూలను, బెరడును శుద్ధి చేసి, కొలత ప్రకారమే వాడేది అందుకే. ఇంట్లో కషాయం కాచుకుని తాగడం ప్రమాదం. గర్భిణులకు, పిల్లలకు అసలు ఇవ్వకూడదు. పాలు తగిలితే కొందరికి చర్మం మండి, బొబ్బలెక్కుతుంది.

అన్నిటికంటే పెద్ద ముప్పు కంటికి. పూలు కోసి అదే చేత్తో కన్ను నులుముకుంటే చాలు. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే చాలామంది పట్టించుకోరు. కొన్ని గంటల్లో నల్లగుడ్డు పైపొర ఉబ్బి, చూపు మసకబారుతుంది. పాలు పడిన వెంటనే కనీసం 15 నిమిషాలు శుభ్రమైన నీళ్లతో కడగాలి. నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. ఆకు కట్టు కట్టినా, పువ్వు కోసినా, ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మరో పని.